పచ్చి మంచినీళ్ళు

రామక్కకు అరవయ్యో ఏట సముద్రం చూడాలని బుద్ధి పుట్టిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడం వాళ్ళ తప్పూ కాదు. ఆమె పుట్టిల్లు హిందూపురం దగ్గర, మెట్టినిల్లు ధర్మవరానికి నాలుగు క్రోసుల దూరంలో చిత్రావతి ఒడ్డున. ఆ ఏటికి ఒడ్లయితే ఉన్నాయి గానీ నీళ్ళుండేది తక్కువ. ఆమె కాపురానికి వచ్చిన నలభై అయిదేళ్ళలో ఏరు నిండుగా పారిన సంవత్సరాలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అటువంటి మనిషి 1957 ఎండాకాలంలో వీధి అరుగు మీద కూర్చుని, “నేను సముద్రం కాడికి పోతాండా” అని ప్రకటించింది.

“ఆడేముండాది రామక్కా, ఉప్పు తప్ప?” అన్నాడు ఎదురింటి వీరభద్రయ్య.

“ఉప్పుంటే చాలప్పా. సంగట్లోకి పనికొస్తాది,” అంది రామక్క.

ఆమె తీరే అంత. మాట పడి ఊరుకునే రకం కాదు. తన నలభయ్యో ఏట మొగుడు నాగప్ప పోతే, కొంగు నడుముకు చుట్టి తానే కపిలె తోలింది. ఎద్దులు కట్టి తోలు బానతో బావి నీళ్ళు తోడే ఆ పని మగవాళ్ళకే నడుములు విరగ్గొడుతుంది. ఎద్దులను పుట్టింటి కన్నడంలో అదిలించేది, కొడుకులిద్దరినీ తెలుగులో తిట్టేది. చెప్పిన మాట వినేది ఎద్దులే అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది.

సముద్రం మీద మోజు పైపై మాట. అసలు సంగతి ఆ కొడుకులది.

పెద్దవాడు హనుమంతరాయుడు. బావులు తవ్వించడంలో చుట్టు పది ఊళ్ళకు పేరు మోసినవాడు. పొలం చుట్టూ ఒకసారి తిరిగి, గుప్పెడు మన్ను వాసన చూసి, “ఈడ ఐదు నిలువులు పోతే జల పడతాది” అన్నాడంటే పడాల్సిందే. కనగానపల్లి పెద్దరైతులు బండి పంపించి మరీ పిలిపించుకునేవాళ్ళు. చిన్నవాడు ఆదినారాయణ అన్నకంటే పన్నెండేళ్ళు చిన్న. ధర్మవరంలో చదువుకున్నాడు, పెనుకొండ పిల్ల బుజ్జమ్మను చేసుకున్నాడు.

మూడేళ్ళ కిందట ఇద్దరూ పొలం పంచుకున్నారు. బావి పెద్దవాడి భాగంలో పడింది. వారానికి రెండు దినాలు, మంగళవారమూ శుక్రవారమూ, చిన్నవాడు కపిలె తోలుకోవచ్చని పెద్దమనుషులు చెప్పారు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి, బావిలో నీళ్ళు అడుగంటాయి. ఒక శుక్రవారం పొద్దున ఆదినారాయణ ఎద్దులతో పోయేసరికి అన్న ఎద్దులు అప్పటికే తోలుతున్నాయి. ఆ పై మంగళవారమూ అంతే. పాలు పోసుకుంటున్న రాగి మడి కళ్ళ ముందే మాడిపోయింది. “నీ బాయీ వద్దు, నీ నీళ్ళూ వద్దు” అని ఆదినారాయణ భార్యను తీసుకుని ఊరు విడిచాడు. హనుమంతరాయుడు తగ్గుతాడా? పదిమంది ముందు అరుగు మీద నిలబడి, “వాని ఇంట్లో పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టను” అనేశాడు.

ఆ సీమలో అన్నదమ్ములు కొట్టుకోవచ్చు, తిట్టుకోవచ్చు, కోర్టు మెట్లు ఎక్కొచ్చు. అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు సర్దుకునేవే. నీళ్ళు ముట్టనన్నాడంటే మాత్రం అవతలివాడు చచ్చిన లెక్క. బతికున్న ఇద్దరు కొడుకుల మధ్య అటువంటి మాట పడినందుకు రామక్క మూడేళ్ళుగా లోపల కుమిలింది. పైకి కనిపించనిచ్చే మనిషి కాదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆమె కోరిక ఒకటే. పెద్దవాడు చిన్నవాడి ఇంట్లో ఒక్క గుక్క నీళ్ళు తాగాలి. ఆ పైన కాశీ వద్దు, రామేశ్వరమూ వద్దు.

ఆదినారాయణకు గూడూరు అవతల సముద్రపు ఒడ్డున ఒక ఉప్పు కొటారులో గుమాస్తా పని దొరికింది. ఉండడానికి పెద్ద పెంకుటిల్లు కూడా దొరికింది. ఎవరో షావుకారు ఎండాకాలం గాలి కోసం కట్టుకున్నది. బావి నీళ్ళు నోట పెట్టుకునేలా లేకపోవడంతో ఎవరూ చేరక పాడుపడి ఉంటే, వీడికి అగ్గువకు ఇచ్చారు. ఇల్లు బాగుచేసుకున్నాక, ఎండాకాలానికి అందరూ రావాలని తల్లికి ఉత్తరం రాశాడు. ‘అందరూ’ అన్న మాటను రామక్క మనవరాలి చేత రెండుసార్లు చదివించుకుంది.

“నేను రాను,” అన్నాడు హనుమంతరాయుడు.

“నువ్వు రాకుంటే నేనూ పోను. ఈ అరుగు మీదనే కూర్చుని పోయేవాళ్ళకూ వచ్చేవాళ్ళకూ చెప్తా, మా పెద్దోడు నన్ను సముద్రం చూడనీల్యా అని.”

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండివాడి తల్లి ఎంత బలవంతురాలో చెప్పడం మాత్రం మరచిపోయారు. రెండు రోజులు గింజుకుని, మూడో రోజు దిగివచ్చాడు.

“వస్తా గానీ, నా మాట మీద నేనుంటా. నీళ్ళు ముట్టను.”

“ముట్టొద్దులే. నేనేమన్నా అడిగినానా?” అంది రామక్క.

హనుమంతరాయుడు, భార్య అంజనమ్మ, ముగ్గురు పిల్లలు, రామక్క, రెండు మూటల రాగిపిండి ధర్మవరంలో రైలెక్కారు. కదిరి, పాకాల, రేణిగుంట మీదుగా గూడూరు చేరి, ఆ పైన బస్సు, ఆ పైన ఎద్దులబండి. సముద్రం కనబడగానే పిల్లలు కేకలు పెట్టి దూకారు. అంజనమ్మ దండం పెట్టుకుంది. రామక్క మాత్రం నడుము మీద చేయి వేసుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పరికించింది. “ఇన్ని నీళ్ళుండి ఒక ఎకరా గూడా తడప్పోతే ఏం లాభమబ్బా?” అని పెదవి విరిచింది.

ఇల్లు నిండింది. పొద్దునే పిల్లలు అలల్లో, పెద్దవాళ్ళు వంటింట్లో. ఆదినారాయణకు ఏడాది నిండిన కొడుకున్నాడు. వాడు పెదనాయన మీసం పట్టుకుని వదిలేవాడు కాదు. మధ్యాహ్నం అందరూ ఒకే బంతిలో కూర్చుని తినేవాళ్ళు. అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చున్నా మాటలు మాత్రం చుట్టుదారిన నడిచేవి. “మీ నాయనను ఇంకొంచెం ఏయించుకోమను” అని తమ్ముడు అన్న కూతురితో అనేవాడు. “చాలని మీ చిన్నాయనతో చెప్పు” అని అన్న అదే కూతురితో అనేవాడు. ఎనిమిదేళ్ళ కౌసల్యకు ఇద్దరి మధ్యా అటూ ఇటూ మెడ తిప్పడంతోనే కడుపు నిండేది.

ఇక నీళ్ళ విషయం. హనుమంతరాయుడు తనన్న మాటను దస్తావేజు చదివినట్టు చదువుకున్నాడు. పచ్చి మంచినీళ్ళు ముట్టనన్నాడు గానీ కూడు తిననన్నాడా? లేదు. అందుకని తినేవాడు. దాహం వేస్తే మజ్జిగ తాగేవాడు, లేకుంటే టెంకాయ కొట్టించుకునేవాడు. అడిగినవాళ్ళకు ఈ ఊరి నీళ్ళు పడవని చెప్పేవాడు.

“అవ్వా, మజ్జిగలో నీళ్ళుండవా?” అని కౌసల్య గుసగుసగా అడిగింది.

“ఉంటాయి. మీ నాయనకు చెప్పాకు,” అంది రామక్క.

నవ్వులాటగా ఉన్నా ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది. తాగే నీళ్ళు లేవన్న సాకు ఆ ఇంట్లో చేతికి సిద్ధంగా ఉంది. బుజ్జమ్మ మైలు దూరంలోని సరివి తోట దాకా పోయి రోజూ మూడు బిందెలు మోసుకొచ్చేది. మళ్ళీ నెల తప్పి ఐదో నెల. ఆ మనిషి ఇసకలో కాళ్ళు ఈడ్చుకుంటూ రావడం హనుమంతరాయుడు కూడా చూశాడు. మొండివాడే గానీ రాతిగుండెవాడు కాదు. నాలుగో రోజు పెరటి బావిలోకి తొంగిచూసి, ఎవరితోనూ కాకుండా గాలితో అన్నాడు:

“ఈ బాయి తవ్వినోనికి బుద్ధిల్యా. రెండు నిలువులకే నిలిపేసినాడు. అడుగున బంకమన్ను కనపడతాండాది. అది పగలగొట్టి ఇంకొక నిలువు పోతే మంచి జల ఉంటాది.”

రామక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. తన చేత్తో తవ్విన బావిలో నీళ్ళు పడితే తాగకుండా ఉంటాడా? “అయితే తవ్వు! చూస్తాండావేమి?” అంది. తప్పు ఆమెదీ ఉందని తరువాత ఆమే ఒప్పుకునేది. వాళ్ళ సీమలో నీళ్ళు పడకపోతే ఇంకా లోతుకు పోవాలి, అంతే. తాత తండ్రుల నుంచి అదే తెలివి, అదే ధైర్యం. ఆ తీరంలో పుట్టినవాళ్ళను ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్ళు. కానీ కనగానపల్లి నుంచి బండి పంపించి పిలిపించుకునే మనిషి, బావి గురించి ఇంకొకరిని అడగడమా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నాలుగు రోజులు పని సాగింది. అన్న బావిలో దిగి గడ్డపారతో తవ్వాడు. తమ్ముడు కొటారు నుంచి రాగానే చొక్కా విప్పి పైన తాడు పట్టుకున్నాడు. గంప నిండితే కింది నుంచి “లాగు” అని వినబడేది. “లాగినా” అని పైనుంచి జవాబు. మూడేళ్ళ తరువాత ఇద్దరి మధ్యా నేరుగా నడిచిన మాటలు అవి. ఆ రెండు ముక్కలు వినడం కోసం రామక్క పని లేకపోయినా బావి గట్టున కూర్చుని చింతపండు గింజలు తీసింది. ఇల్లంతటికీ ఏడాదికి సరిపడా తీసి ఉంటుంది.

అయిదో రోజు బంకమన్ను పగిలింది. నీళ్ళు బుసబుసమని పొంగి హనుమంతరాయుడి నడుము దాకా వచ్చాయి. పైన పిల్లలు చప్పట్లు కొట్టారు. లోపల ఆయన దోసెడు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం ఉమ్మేశాడు. అది నీళ్ళు కాదు, సముద్రమే ఇంటికి వచ్చింది. ముందున్న నీళ్ళు తాగడానికి పనికిరాకపోయినా స్నానానికీ బట్టలకూ సరిపోయేవి. ఇప్పుడు సబ్బుకు కూడా నురగ రావడం లేదు. కింది ఉప్పునీళ్ళకు అడ్డంగా ఉన్న బంకమన్ను పొరను పగలగొట్టి, ఉన్న బావిని కూడా చెరిచాడు తన సీమలో పేరుమోసిన బావుల మనిషి.

తాడు పట్టుకుని పైకి వచ్చేసరికి అందరూ అక్కడే ఉన్నారు. ఆదినారాయణ ఏమంటాడో అని రామక్క వాడి ముఖం వంకే చూసింది. ‘ఆడ నీళ్ళియ్యవు, ఈడ ఉన్న నీళ్ళు చెడగొట్టినావు’ అన్న మాట వాడి నాలుక చివర ఉంది. ఆమెకు కనబడుతూనే ఉంది. వాడు అనలేదు. తాడు చుట్టి గోడకు తగిలించి లోపలికి పోయాడు.

“పోనీలే బావా, ఇంగో రెండు బిందెలు ఎక్కువ తెస్తా, అంతే గదా,” అంది బుజ్జమ్మ.

ఆ ఓదార్పు ముందు తిట్లు నయం. హనుమంతరాయుడు ఆ సాయంత్రం మజ్జిగ కూడా తాగలేదు. “పొద్దున్నే బండి చెప్పినా. మేము పోతాండాము,” అన్నాడు తల్లితో. పోతే మళ్ళీ రాడని ఆమెకు తెలుసు. ఇంతకుముందు కోపం ఒక్కటే అడ్డం. ఇప్పుడు సిగ్గు కూడా తోడయింది. కోపం ఎప్పటికైనా చల్లారుతుంది గానీ, సిగ్గుపడ్డ మగవాడు జన్మలో ఆ గడప తొక్కడు.

రామక్క తూరుపు తెల్లబడుతుండగా లేచింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. ఏడ్చాక ముఖం కడుక్కోవడానికి కూడా నీళ్ళు లేవని గుర్తొచ్చి కోపం వచ్చింది. కోపం వస్తే ఆమె ఒక చోట నిలవలేదు. ఇంటి వెనక ఇసక దిబ్బ ఎక్కి అవతలి వైపు దిగింది. పల్లంలో అడుగు పెట్టగానే అరికాలికి చల్లగా తగిలింది. ఇంకో అడుగు వేసింది. ఇంకా చల్లగా ఉంది. ఆమె పాదాలకు ఆ చల్లదనం కొత్త కాదు. చిత్రావతి ఎండిపోయిన ప్రతి వేసవిలో, ఎండ ఎక్కకముందు, ఇసకలో కాళ్ళతో వెతికింది దాన్నే.

బావులు మగవాళ్ళు తవ్వుతారు. వాటి లోతు చెప్పుకుని మీసం తిప్పుతారు. ఏటి ఇసకలో చెలమ తీసేది ఆడవాళ్ళు. దానికి లోతు పనికిరాదు, పేరూ రాదు. ఇన్ని రోజులు నీళ్ళ గురించి అంత చర్చ జరుగుతుంటే, నలభై అయిదేళ్ళు ఇంటికి నీళ్ళు తెచ్చిన మనిషిని ఎవరూ అడగలేదు. ఆమెకూ తోచలేదు. ఆ తీరంలో, ఉప్పునీళ్ళ పైన ఇసకలో నిలిచే వాననీళ్ళ కోసం తీసే ఇటువంటి గుంటనే దొరువంటారు, పసిపిల్లవాడికి కూడా తెలుసు. బుజ్జమ్మ మైలు దూరం నుంచి మోసుకొచ్చేదీ అటువంటి దొరువు నీళ్ళే. అది ఆ చోటు గొప్ప అనుకుందే గానీ, తక్కువ లోతు గొప్ప అని బుజ్జమ్మకూ తట్టలేదు.

రామక్క టెంకాయ చిప్ప ఒకటి ఏరుకుని కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది.

తల్లిని వెతుక్కుంటూ హనుమంతరాయుడు దిబ్బ మీదికి వచ్చేసరికి ఆమె మోకాటి లోతు గుంటలో ఉంది. “బండి వస్తాదిమ్మా, ఈడేం చేస్తాండావు?” అన్నాడు. ఆమె తలెత్తలేదు. గుంట అంచున తడి ఇసక కనబడింది. తడి కనబడితే ఆ మనిషి నిలవలేడు. “నువ్వు లేయ్, ఇటియ్యి” అని చిప్ప లాక్కుని దిగాడు. ఇంకో మూర తవ్వాడు. గుంట అడుగున నీళ్ళు ఊరసాగాయి. ఇంకా కిందికి పోబోతుంటే తల్లి భుజం పట్టుకుంది.

“ఇంగ చాలు. నిలుపు.”

“ఇప్పుడే గదమ్మా జల కనపడింది. ఇంగో రెండు మూరలు పోతే...”

“పోతే మళ్ళీ సముద్రమే వస్తాది. నిన్న చాలలేదా? నిలుపు నాయనా. అది ఊరేదాకా ఊరికే కూర్చో.”

ఆయన జీవితంలో ఏ బావినీ సగంలో వదిలినవాడు కాదు. అయినా పైకి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. దిబ్బ మీది నుంచి చూసిన బుజ్జమ్మ చెప్పిందేమో, ఆదినారాయణ చెంబు పట్టుకుని వచ్చి ఇవతల కూర్చున్నాడు. మొదట ఊరిన నీళ్ళు మడ్డిగా ఉంటే రామక్క చిప్పతో తోడి పారబోసింది. రెండోసారీ పారబోసింది. మూడోసారి నీళ్ళు తేటగా నిలిచాయి, అడుగున ఇసక రేణువులు కనబడేంత తేటగా. నోట్లో పోసుకుని చూసింది. తియ్యగా ఉన్నాయి.

“రాయుడూ,” అంది పెద్ద కొడుకుతో. “నేను సముద్రం కోసం రాల్యా. నా కండ్ల ముందర మీరిద్దరూ ఒకని నీళ్ళు ఒకడు తాగల్ల. దాని కోసం వచ్చినా. ఇవి వాని ఇంటి నీళ్ళే, వాని ఇంటి వెనక నేలలోవే. ఇసకలో పుట్టినాయి, ఎవరివీ కావని నేను సాకు చెప్పను. తాగితే వానివని తెలిసే తాగు. తాగకుంటే బండెక్కు, నేను అడ్డం రాను.”

ఆదినారాయణ చెంబు ముంచి నిలబడ్డాడు గానీ ముందుకు పోలేదు. హనుమంతరాయుడు ఆ గుంటలోకి చూశాడు.

“ఆ శుక్రవారం నీ వంతే,” అన్నాడు. “మంగళవారమూ నీదే. నీ మడి ఎండతాదని తెలుసు నాకు. తెలిసే తోలినా.”

ఈసారి కూతురితో అనలేదు, గాలితో అనలేదు. తమ్ముడి ముఖంలోకి చూసి అన్నాడు. ఆదినారాయణ చెంబుతో ముందుకు వచ్చాడు.

“పట్టన్నా,” అన్నాడు.

హనుమంతరాయుడు మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టాడు. తమ్ముడు వంగి పోశాడు. ఆయన గుటగుటమని తాగుతుంటే నీళ్ళు గడ్డం మీదుగా, మీసం మీదుగా, చొక్కా మీదికి కారాయి. అందులో ఏవి చెలమవో ఏవి కళ్ళవో రామక్క చూడదలచుకోలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంబు ఖాళీ అయింది. హనుమంతరాయుడు చాలని తలెత్తలేదు, దోసిలి తీయలేదు. ఆదినారాయణ మళ్ళీ చెలమలో చెంబు ముంచాడు.